పావంగుళం తేడా

అమెరికాలోని ఫ్లింట్ ఊళ్లో పాతకాలపు బలిసిన ఇంజన్ల కార్లున్న వాళ్లెవరైనా చక్రాలు మార్చాలనుకుంటే కాజ్ స్టాషియాక్ గుమ్మం తొక్కాల్సిందే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నోరు మాత్రం మంచిది కాదు. కొత్త చక్రాలు బిగించాక కారును రోడ్డుకు అవతల ఆపించి, తను ఇవతల గొంతుక్కూర్చుని చూసేవాడు. నచ్చకపోతే, "ఏమయ్యా, ఎద్దుకు మేకకాళ్లు అతికించావేం? పీకెయ్!" అనేవాడు. డబ్బు పోసి కొన్నవాడు లబోదిబోమన్నా పీకించి తీరేవాడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత సందుండాలో కొలబద్ద పట్టకుండా చెప్పేవాడు. ఆ కన్నంటే ఆయనకు మహా గర్వం.

తమ్ముడు రోమన్ ఆ గర్వాన్ని ఆటపట్టించేవాడు. "మావాడికి పెళ్లికూతుర్ని చూపిస్తే మొహం చూడడు, చెప్పులు చూస్తాడు. అందుకే బ్రహ్మచారిగా మిగిలిపోయాడు," అనేవాడు.

రోమన్‌ది నీలం రంగు షెవెల్ కారు, 1969 నాటిది. అన్నదమ్ములిద్దరూ మూడేళ్లు తంటాలు పడి బాగుచేసుకున్న బండి. కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు రోమన్ ఇల్లు గడవక దాని చక్రాలు అమ్ముకున్నాడు. అప్పట్నుంచి అది కాజ్ షెడ్డులో దిమ్మల మీదే ఉంది. ఇంజన్ చచ్చిపోకుండా కాజ్ నెలకోసారి తిప్పుతుండేవాడు.

ఫిబ్రవరిలో ఆసుపత్రి వాళ్లు రోమన్‌ను ఇంటికి పంపేశారు. రాచపుండు కాలేయమంతా తినేసింది, ఇక చేసేదేమీ లేదన్నారు. భార్య లోరీన్ ముందుగదిలో, కిటికీ పక్కన మంచం వేయించింది.

"అన్నా, ఒక్కటే కోరిక," అన్నాడు రోమన్. "బండి తెచ్చి ఈ కిటికీ ముందు పెట్టు. ఉన్న నాలుగు రోజులూ చూసుకుంటా."

"తెస్తా. చక్రాలు చూడనీ."

"ఏవో ఒకటి తగిలించరా బాబూ! నేనేమన్నా పందేలకెళ్తానా?"

"నోర్మూసుకుని పడుకో. అదెలా రావాలో నాకు తెలుసు."

షాపు వెనకాల ఇనప చక్రాల సెట్టొకటి పడి ఉంది. ఏదో పాత సెడాన్‌వి, తుప్పు పట్టినవే, కానీ బోల్టులకు సరిపోతాయి. ఆ సాయంత్రమే బిగించి తీసుకెళ్లొచ్చు. కాజ్ ఒకదాన్ని చేత్తో లేపి చూశాడు కూడా. తమ్ముడి ఆఖరి చూపుల్లో ఆ బండి బిచ్చమెత్తేదానిలా నిలబడాలా అనిపించి, మళ్లీ కింద పడేశాడు. దానికి కావాల్సినవి వేరు: ఐదు ఆకులు, నడుమ బూడిదరంగు, తళతళలాడే అంచు. కుర్రతనం నుంచీ రోమన్ మనసుపడ్డ చక్రాలవి. వాటినే పక్క రాష్ట్రం ఒహాయో నుంచి తెప్పించాడు.

వారానికి వచ్చాయి. బిగించి, రోడ్డు దాటి, గొంతుక్కూర్చున్నాడు. వెనక చక్రం మడ్‌గార్డు కంటే పావంగుళం బయటికొచ్చింది. ఇంకెవరి కంటికీ ఆనదు. ఆయన కంటికి ఆనింది. లోరీన్‌కు ఫోన్ చేశాడు.

"ఇంకో పది రోజులు పడుతుందమ్మా. చక్రాలు బాగానే ఉన్నాయి గానీ వెనకవి మార్పించాలి."

"బావగారూ, పొద్దున కళ్లు తెరిస్తే ఆయనదొకటే మాట, బండి వచ్చిందా అని. ఉన్నవాటితో తెచ్చెయ్యండి, మీకు పుణ్యముంటుంది. బాగానే ఉన్నాయన్నారుగా!"

"బాగుండటం వేరు, కుదరటం వేరు."

"మీ కుదరటం మండిపోనూ!" అని ఫోన్ పెట్టేసింది.

అప్పుడైనా బుద్ధి రావద్దూ మనిషికి! రాలేదు. ముప్ఫై ఏళ్లుగా జనం ఆ పావంగుళం కోసమే తన దగ్గరికొచ్చారు. సొంత తమ్ముడి బండి దగ్గర పట్టు వదిలేస్తే ఇక తన బతుకెందుకనుకున్నాడు. రోజూ వెళ్లి మంచం పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేవాడు. రోమన్ మాటలు తగ్గిపోయాయి. ఒకనాడు కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఇంకా కుదర్లేదా అన్నా?"

"రేపో ఎల్లుండో," అన్నాడు కాజ్.

మార్పించిన చక్రాలు గురువారం వచ్చాయి. రోమన్ బుధవారం మధ్యాహ్నమే పోయాడు.

శనివారం పొద్దున, శవపేటిక చర్చిలో ఉండగా, కాజ్ చక్రాలు బిగించి కారును తమ్ముడి ఇంటికి తోలుకొచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం కిటికీ ముందు నిలిపాడు. చర్చికి బయల్దేరిన వాళ్లు చుట్టూ మూగారు. "అబ్బ, ఏం నిలబడిందిరా!" అన్నాడు ఫ్యాక్టరీలో రోమన్‌తో పనిచేసిన ముసలాయన. కాజ్ వినిపించుకోకుండా లోపలికి నడిచాడు.

లోరీన్ నల్లగౌనులో, కోటు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మంచం ఇంకా తీయలేదు. కాజ్ దాని అంచున కూర్చుని కిటికీలోంచి చూశాడు. చక్రాలు నిండుగా కనిపించాయి.

"ఆయనకు లేచి కూర్చునే ఓపికెక్కడిది బావగారూ," అంది లోరీన్. "పడుకునే చూసేవారు."

కాజ్ బూట్లతోనే ఒరిగి, తమ్ముడి దిండు మీద తల పెట్టాడు. కిటికీ గట్టు పైన నీలం టాపు కనిపించింది, బానెట్టు చారెడు కనిపించింది. అంతే. చక్రాలు కనిపించలేదు. తల ఎటు తిప్పినా కనిపించలేదు.

కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"ఆ తుప్పు చక్రాలతో మొదటిరోజే తెచ్చినా ఇంతే కనిపించేది కదమ్మా," అన్నాడు.

"అవును బావగారూ," అంది లోరీన్. "ఇంతే కనిపించేది."