గాలి కన్ను

అవనిగడ్డలో డీఎస్సీకి చదివేవాళ్లకు ఇంగ్లిషు చెప్పే జీవరత్నం మాస్టారికి అరవై నిండాయి. పాఠానికి ముందు రోజుకో మాట తీసుకుని, రొయ్యను ఒలిచినట్టు ఒలిచి, దాని పుట్టుక చెబుతారు. చెబుతున్నంతసేపూ సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూనే ఉంటారు. ఎండాకాలం గదిలో చెమటలు కారిపోతున్నా, బోర్డు పక్కనున్న కిటికీ మాత్రం ఎవరినీ తెరవనివ్వరు.

మొన్న బోర్డు మీద ‘విండో’ అని రాశారు. “ఉత్తరాది సముద్రాల మీద తిరిగిన పాతకాలపు ఓడలవాళ్ల మాటర్రా ఇది. మొదటి ముక్క గాలి, రెండో ముక్క కన్ను. మన గవాక్షం ఆవు కన్నయితే, వాళ్లది గాలి కన్ను!” అన్నారు సంబరంగా.

ముందు బెంచీలో దుర్గ నుదురు తుడుచుకుంటూ, “మరి మన గది కన్నెందుకండీ మాస్టారూ, ఎప్పుడూ మూసే ఉంటుంది?” అంది. అందరూ నవ్వారు.

మాస్టారూ నవ్వబోయి ఆగారు. “డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నాకు పన్నెండేళ్లమ్మా. కిటికీ గడియ వెయ్యమని అమ్మ నాకే చెప్పింది. మరిచిపోయాను.”

ఆయన పక్కకు తిరిగి, కిటికీ ఒక రెక్క తెరిచారు. కాలవ మీది గాలి చల్లగా లోపలికొచ్చింది. తర్వాత గంటసేపు పాఠం చెప్పారు. ఆ గంటా ఆయన ఎడమచెయ్యి గడియ మీదే ఉంది.