బావ వచ్చేదాక ఆగిన కేసు

సిరిసిల్లకెళ్లి రాయికల్‌ల అక్క ఇంటికి పోయినప్పుడల్లా పగటిపూట అక్క పక్కన కాసేపు ఒరుగుత. కునుకు వట్టినంక ఆమె కుడిచెయ్యి వచ్చి నా మీద పడ్తది. చల్లగ ఉంటది. తీసి పక్కకు పెడ్దామంటె వేళ్లు వంగయి. ఎడమచేతి వేళ్లేమో నిద్రల గూడ ఉత్తగనే కదుల్తుంటయి, ఆకు చుట్టినట్టు. సొంత అక్క చెయ్యికి భయపడుడేందని నన్ను నేనే తిట్టుకుంట. అయినా పానం జల్లుమంటది.

అక్క బీడీలు చేసేది. చాట ఒళ్లె పెట్టుకొని ముచ్చట చెప్పుకుంటనే చేసేది, ఆకు దిక్కు చూసేదే కాదు. ఒకపారి జరమొచ్చి కోరుట్లల ఒక చిన్న దవాఖానకు పోయింది. డాక్టర్ కుడిచేతికి సూది ఇచ్చిండు. మంట, మంట అని మొత్తుకుంటె "గట్లనే ఉంటది, ఇంటికి పో" అన్నడట. తెల్లారేసరికి చెయ్యి నల్లవడ్డది. జగిత్యాల పెద్ద దవాఖానల చెయ్యి తీసెయ్యకుండ కాపాడిండ్రు గని వేళ్లు కట్టెలయినయి. సూది తప్పుగ పడ్డదని ఆ పెద్ద దవాఖాన డాక్టరే చెప్పిండు.

అక్క పైసల మాటే ఎత్తలే. "నా చెయ్యికి ఏం జేసినవని గా సూదిచ్చినాయనను జడ్జి ముంగట నిలవెట్టి అడగాలె చెల్లె" అన్నది.

బావ దుబాయిల ఉండె. ఫోన్ చేస్తె "నేనొచ్చేదాక ఆగుర్రి" అన్నడు. మా దిక్కు పంచాయితయినా కోర్టయినా ఇంటి మొగోడు ముంగట కూసుంటెనే మాట చెల్లుతదని పట్టింపు. అక్క అత్తది గూడ గదే పాట. "మొగోడు లేంగ ఆడోళ్లు కోర్టు మెట్లెక్కితె ఊరు ఏమనుకుంటది?" ఊరట, ఊరు. ఊరొచ్చి అక్కకు జడ ఏసిందా, బువ్వ కలిపి పెట్టిందా? నేను తోలుకపోత అని కయ్యం పెట్టుకున్న. అక్కనే నా నోరు మూసింది. "ఆయన రానియ్యే. కోర్టు యాడికన్న పారిపోతదా?"

ఇయ్యేడు లీవు, వచ్చేడు లీవు అనుకుంట కంపెనీ బావను ఇడ్వలే. ఆయన వచ్చినంక ముగ్గురం జగిత్యాలల ఒక వకీలు కాడ కూసున్నం. వకీలు కాయిదాలు చూసి తల పట్టుకున్నడు. "గిసొంటి కేసు వినియోగదారుల కోర్టుల రెండేండ్లల్ల ఎయ్యాలె. గడువు దాటింది. ఎందుకు ఆగిండ్రు?"

"మా ఆయన కోసం సారూ" అన్నది అక్క.

వకీలు మంచోడే. ఆలస్యాన్ని మన్నించుమని దరఖాస్తు వెట్టి కేసేసిండు. దెబ్బ తగిలింది ఆమెకు, మొగడు ఊళ్లె లేకుంటె ఏంది, గది కారణం కాదని కోర్టు మొదట్లనే కొట్టేసింది. డాక్టర్ తప్పు చేసిండా లేదా అన్న మాటే రాలే. గా డాక్టర్ కోర్టు మొకమే చూడలే. బావ మల్ల దుబాయి పోయిండు, పోయేటప్పుడు పెండ్లాం దిక్కు చూడలేకపోయిండు.

మొన్న కోరుట్ల బస్టాండ్ కాడ అక్క, నేను నిలవడ్డం. పక్కన బండి మీద పండ్లు కొననీకె గా సూదిచ్చిన డాక్టరే వచ్చిండు. ఆయన చూపు అక్క వేళ్ల మీద పడ్డది. మనిషిని గుర్తువట్టలే.

"ఏమైందమ్మా ఆ చేతికి?" అని ప్రేమతోనే అడిగిండు. "మొదట్లనే ఎవరికన్న చూపించుకోకపోయినవా?"

అక్క చెయ్యిని కొంగు కింద దాసుకున్నది. "ఆలిశమైంది సారూ" అన్నది.