మెట్ల కొట్టు కింద దులుపుడు రాయి

మా చిన్నప్పుడు... కారంపూడి దగ్గర ఒక ఆసామి పొలంలో మెట్ల కొట్టు ఉండేది. నాపరాళ్ళతో గుండ్రంగా కట్టిన జొన్నల కొట్టు. మెట్లు లోపల కాదు, బయట గోడ చుట్టూ తిరుగుతూ పైదాకా పోయేవి. మా అమ్మావాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఎక్కి, పైనున్న కంతలోంచి జొన్నలు లోపలికి పోసేవారు.

దిగాక అందరూ కింద ఒక బండ మీద నిలబడి బట్టలు దులిపి చూపించాలి... గింజ దాచలేదని. దాన్ని దులుపుడు రాయి అనేవాళ్ళం. ఆడవాళ్ళు కొంగు, మగవాళ్ళు పంచె... ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

ఒకసారి బడి సెలవని నేనూ చిన్న గంప మోశాను. దిగి, అమ్మ లాగే పావడా దులిపాను. గుప్పెడు జొన్నలు జలజలా రాలాయి! ఎదిగే పిల్లనని అమ్మ పావడాకి వెడల్పుగా మడత పెట్టి కుట్టింది. ఆ కుట్టు ఒకచోట ఊడి, గంపలోంచి రాలిన గింజలు అందులో చేరాయి. నాకు తెలియనే తెలియదు.

ఆసామి గారి భార్య నవ్వింది. "ఏందే మరియమ్మా, పిల్లకి పావడా కుట్టావా, సంచి కుట్టావా?"

అందరూ నవ్వారు... మాతో గంపలు మోసినవాళ్ళు కూడా.

"కుట్టూడిందమ్మగారూ... పిల్లకేం తెలుసు" అంది అమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. అప్పుడు నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ కుట్టంతా పళ్ళతో కొరికి విప్పేసింది. "చూసుకోండమ్మా" అంటూ.

మడత విడిపోయి పావడా అంచు నేల మీదకు జారింది. పైనంతా వెలిసిపోయి, మడతలో ఉన్న పట్టీ మాత్రం కొత్తగా... దాన్ని ఎత్తి పట్టుకుని ఊరి మధ్య నుంచి నడిచాను. తల కొట్టేసినట్టయింది. కోపం ఆ ఇంటావిడ మీద రాలేదు, అమ్మ మీద వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొన్న ఆ ఇంటి మనవడు ఫేస్‌బుక్‌లో కొట్టు ఫోటో పెట్టాడు. కరువు రోజుల్లో ఊరి జనానికి పని చూపించాలని వాళ్ళ తాతలు కట్టించారట. ఇప్పుడక్కడ జొన్నలు లేవు, గంపలు లేవు... పెళ్ళి ఫోటోలు తీసుకుంటున్నారు. లైకులే లైకులు.

అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది. "ఆ పావడా సంగతి నీ పిల్లలకి చెప్పలేదు గదా?"

"లేదమ్మా."

ఫోన్ నా చేతిలో పెట్టేసింది. తర్వాత, "చెప్పు. మనం నోరు మూసుకుంటే ఆ పిలగాడు రాసిందే మిగిలిద్ది" అంది.

అందుకే రాస్తున్నాను... సిగ్గుపడుతూనే. మీ ఊళ్ళోనూ ఇలాంటి పాత కొట్లు ఉండే ఉంటాయి. వాటి మెట్లెక్కిన మీ అమ్మలు ఇంకా ఉంటే... ఒకసారి అడిగి చెప్పరూ?