అరువు గొంతు

ఒక టీవీ సీరియల్లో అతను నాలుగేళ్ళుగా తమ్ముడి వేషం వేస్తున్నాడు. మనిషి చక్కగానే ఉంటాడు. గొంతే పీలగా ఉందని డైరెక్టరు మొదటి వారంలోనే వేరే మనిషి చేత డబ్బింగ్ చెప్పించాడు. ఆ మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే వెళ్ళి మేకప్ కుర్చీలో కూర్చుంటాడు. కోప్పడమంటే కోప్పడతాడు, ఏడవమంటే ఏడుస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చెవుల వెనక మిగిలిన రంగును దూదితో తుడుచుకుంటూ, చూపు పోయిన నానమ్మ పక్కన చేరతాడు. ఆవిడ టీవీని చెవులతోనే చూస్తుంది. ఆ రోజు తెరమీద అతను ఆసుపత్రి మంచం పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ సీను తీసినప్పుడు యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

"ఏరా, సీరియల్లో నువ్వింకా రాలేదేం?" అంది నానమ్మ.

మొదట్లో అయితే, "అది నేనే నానమ్మా, గొంతొక్కటే నాది కాదు" అని చెప్పేవాడు. ఆవిడ తల ఊపి, మర్నాటికి మళ్ళీ మరిచిపోయేది. చెప్పీ చెప్పీ అతనికి ఆ మాట మీద ఆశ చచ్చిపోయింది.

"రేపొస్తాన్లే నానమ్మా," అన్నాడు.

"సరేలే. ఈ అబ్బాయెవరో గానీ, ప్రాణం పెట్టి ఏడుస్తున్నాడురా! కాస్త సౌండు పెంచు."

అతను రిమోట్ అందుకుని పెంచాడు.