జిప్సం గోడకు అటువైపు బాబాయిగారు

పోయిన నెల ఒక పొద్దున పక్క పోర్షన్ పిన్నిగారు మా తలుపు కొట్టి, "మీ బాబాయి లేస్తలేడమ్మా" అన్నారు. దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది. ఆ మాట తర్వాత పిన్నిగారు నోరు విప్పలేదు. దినాలయ్యాక చుట్టాలు నల్గొండకు వెళ్లిపోయారు. గోడకు అటు ఆమె, ఇటు నేను మిగిలాం.

గోడంటే ఇటుకలది కాదు. ఎల్‌బీ నగర్‌లో మా ఓనరు పెద్ద హాలుకు మధ్యలో జిప్సం బోర్డు నిలబెట్టి రెండు పోర్షన్లుగా కిరాయికిచ్చాడు. విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో నేను ఆ సంగతి తెలియక దేవుడి పటానికి మేకు కొట్టాను. పటం నా చేతిలోనే ఉంది, బోర్డు లోపలికి పోయింది.

బాబాయిగారు రిటైరైన బస్సు కండక్టరు. గోడ పని ఏమీ రాదు. పుచ్చకాయైనా, కొత్త కుండైనా, మెట్రో స్తంభమైనా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టందే వదిలేవారు కాదు. నేను చేసిన కన్నంలోకి టార్చి వేసి, "లోపలంత ఖాళీనే కదమ్మా, మరెట్ల నిలబడ్డది?" అని నన్నే అడిగారు. నేనిచ్చిన కాఫీ చల్లారిపోయింది.

ముందు సిమెంటు పూశారు. సాయంత్రానికి అది ఇంకాస్త బోర్డును వెంటబెట్టుకుని ఊడిపడింది. నేను తల పట్టుకున్నాను, ఆయనకేమో పండగ. "చెడితెనే కద బిడ్డా, లోపల ఏమున్నదో తెల్సేది" అన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని షాపుల వాళ్లను విసిగించారో, మర్నాడు బోర్డు ముక్కతో వచ్చారు. పాడైన చోటును నలుచదరంగా కోసి, వెనక చెక్క పట్టీ పెట్టి, ముక్కను స్క్రూలతో బిగించి, అతుకుల మీద టేపు వేసి పుట్టీ పూశారు.

పుట్టీ ఎండాక గరుకు కాగితంతో రుద్దాలి. ఎండిందో లేదో చూడాలంటూ ఆయన రోజూ పొద్దున అటునుంచి కొట్టేవారు, నేను ఇటునుంచి జవాబు కొట్టాలి. లెక్క ఆయన కండక్టరు గంటదే: ఒకటంటే బస్సు ఆగాలి, రెండంటే కదలాలి. "సప్పుడు మారలె, ఇంక తడున్నది" అని వారాలు గడిపారు. పుట్టీ ఎప్పుడో ఎండిపోయిందని నాకూ తెలుసు. ఊరు కాని ఊళ్లో నన్ను పొద్దున్నే పలకరించే సప్పుడు అదొక్కటే, అందుకే నేనూ ఊరుకున్నాను. ఆయనంటే నాకు అంత ఇష్టం.

నిన్న ఆ పుట్టీని నేనే రుద్దాను. అటు అలికిడి లేదు. దుమ్ము చేతులతోనే రెండు కొట్టి, బోర్డుకు చెవి ఆనించాను.

చాలాసేపటికి ఒక దెబ్బ వినిపించింది. ఆగమన్నారేమో అనుకున్నాను. మెల్లగా రెండోది వచ్చింది.

"ఎండినట్టే ఉన్నదమ్మా," అన్నారు పిన్నిగారు. "జర మళ్ల కొట్టు, ఇంటున్న."