పెరిగే పిల్లలకు పెట్టే మడత

తడిపి ఆరేసిన కొత్త బట్టకు ఒక వాసన ఉంటుంది. గంజి వాసన, తడిమట్టి వాసన కలిసిన పచ్చి వాసన. మొన్న మనవడికి బడి అంగీ కుట్టించడానికి దబీర్‌పురా స్టేషను దారిలో దర్జీ దుకాణం మెట్టు ఎక్కానో లేదో, ఆ వాసన ముక్కుకు తగిలింది. దర్జీ పిల్లవాడి భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు, టేపు మెడలో వేసుకుని నావైపు తిరిగి, "పెరిగే పిల్లగాడు గదమ్మా, కింద మడత ఎంత పెట్టాలె?" అన్నాడు. "నానమ్మా, నిన్నే అడుగుతుండు" అని మనవడు నా కొంగు లాగాడు. చెవుడు వచ్చిందనుకున్నాడేమో వెధవ. నాకు శుభ్రంగా వినబడుతూనే ఉంది. కాని వినబడుతున్న గొంతు ఆ దర్జీది కాదు, మార్తమ్మక్కది.

మార్తమ్మక్కను మీరెవరూ చూసి ఉండరు. నేను కాపురానికి వచ్చింది నిజాము రోజుల్లో. మా ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. ఎదురుగా జుబేదాబీ ఇల్లు. మా ఆయన పొద్దున్నే బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణానికి పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. మార్తమ్మక్క మొగుడు యేసుదాసన్న రైల్వేలో పట్టాలు మార్చే పనిలో ఉండేవాడు. మా గల్లీలో కిరస్తానం ఇల్లు అదొక్కటే. వాళ్లు పెద్ద చర్చీకి పోయేవాళ్లు కూడా కాదు. నాలుగైదు కుటుంబాలు కలిసి ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో చాప పరుచుకుని పాడుకునే చిన్న సంఘం. ఆమె గల్లీ అందరికీ బట్టలు కుట్టేది. జుబేదాబీ కుర్తాలు, మా అత్త రవికెలు, అన్నీ ఆ మిషను మీదే. నోరు మాత్రం మహా పెద్దది. నేను వచ్చిన కొత్తలో నా రవికె చూసి, "ఎవరు కుట్టిండ్రే గిది, కండ్లు మూసుకొని కుట్టిండ్రా?" అని అందరి ముందూ అనేసింది. అది మా అమ్మ కుట్టిన రవికె. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. తర్వాత ఆమే పిలిచి, విప్పి, మళ్లీ కుట్టి ఇచ్చింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, దానియేలు. అందరూ దానీ అనేవాళ్లం. జుబేదాబీ చిన్నకొడుకు యూసుఫ్, దానీ ఒక ఈడు వాళ్లు. పొద్దున లేస్తే ఒకడి వాకిట్లో ఇంకొకడు. ఆరో ఏట దానీకి విషజ్వరం పట్టుకుంది. యునానీ మందు, దవాఖానా మందు, మా అత్త కట్టిన తాయెత్తు, ఏదీ పనిచెయ్యలేదు. పిల్లవాడు పోయాడు. గల్లీ ఆడవాళ్లమంతా ఆమెను పట్టుకుని ఏడవడానికి సిద్ధపడి వెళ్లాం. చూస్తే ఏముంది, వాళ్ల సంఘం వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని పాటలు పాడుతున్నారు. మార్తమ్మక్క కూడా మధ్యలో కూర్చుని పాడుతోంది. కంట చుక్క లేదు. సంఘపెద్ద అందరికీ వినబడేలా, "ఏడుస్తే నమ్మకం లేనట్టు. పిల్లగాడు ప్రభువు దగ్గరికి పోయిండు. తల్లీ, నువ్వు మళ్ల కలుస్తవు" అన్నాడు. ఆమె తలూపింది. మా అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, "గది గుండెనా, బండనా?" అంది. జుబేదాబీ మాత్రం, వాళ్ల ఆచారం ప్రకారం చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదని మూడు రోజులు అన్నం వండి పంపించింది. అబద్ధమెందుకు, నాకు ఆమెను చూస్తే భయం వేసింది. దుఃఖం లేదా, ఉండి దాచుకుందా, దాచుకుంటే ఎక్కడ దాచుకుంది, నాకేమీ అర్థం కాలేదు.

మరుసటి ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. పురుటి స్నానం కాకముందే పోయింది. పేరు కూడా పెట్టలేదు. "పేరు లేని బిడ్డకు ఏడ్వొద్దు, వచ్చే కడుపుకు మంచిది కాదు" అని అత్త కొంగుతో నా కళ్లు తుడిచేసింది. ఆమె చెడ్డది కాదు, ఆమెకు తెలిసిందే చెప్పింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా ఆయన కూడా ఎత్తలేదు. పాలు మాత్రం పొంగుకొస్తూనే ఉండేవి, రవికె తడిసిపోయేది. ఆ రోజుల్లోనే కుట్టు నేర్చుకుంటానన్న వంకతో మార్తమ్మక్క ఇంటికి పోవడం మొదలుపెట్టాను. ఏడవొద్దని ఒకరికి సంఘం చెప్పింది, ఇంకొకరికి అత్త చెప్పింది. ఇద్దరం మిషనుకు అటొకరం ఇటొకరం కూర్చుని దారం ఎక్కించుకునేవాళ్లం.

క్రిస్మస్ ముందు ఆమె ఓ మంచి బట్ట ముక్క తెచ్చి తడిపి ఆరేసేది. ఆరాక గల్లీలోకి తొంగిచూసి, "అరే యూసుఫ్, ఇటు రారా" అని పిలిచేది. వాణ్ని నిలబెట్టి టేపుతో భుజం, చెయ్యి, ఛాతీ కొలిచి, చేతిలో పల్లీపట్టీ పెట్టి పంపేది. పాపం, ఎదురింటి పిల్లవాడికి పండక్కి అంగీ కుడుతోంది అనుకున్నాను. నేను పోవడం మొదలుపెట్టిన రెండో ఏడు, అంగీ అయిపోయాక నా ముందే మడిచి ఇనప్పెట్టెలో పెట్టింది. పెట్టెలో అంతకుముందువి రెండున్నాయి. ఒకదానికంటే ఒకటి పెద్దవి. కొత్తదానికి కింద అంచు లోపలికి రెండు వేళ్ల వెడల్పున మడత.

"ఇవెవరికక్కా?"

"దానీకి. పండగకు కొత్తబట్ట లేకుంటే ఎట్ల? ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తుంది వానికి."

నా నోరు ఊరుకోదుగా. "అక్కడ గిట్ల పెరుగుతరా అక్కా?" అని అడిగేశాను.

ఆమె అంగీ మీద అరచెయ్యి పెట్టి రాసింది. "గదే తెల్వది రాజమ్మా. మళ్ల కలుస్తవు అన్నరు, మంచిగున్నది. ఎట్లున్నోణ్ణి కలుస్త? పెరిగి పెద్దోడైతే నేను గుర్తువట్టుడెట్ల? పెరగకుంట గట్లనే ఉంటే, నేను పండు ముసల్దాన్నై పోతే వాడు నన్ను గుర్తువట్టుడెట్ల? గాడ ఎంతమంది ఉంటరో ఏమో. వాడు నన్ను చూసి, ఎవరో అవ్వ అనుకొని పక్కకు పోతే?"

అదీ ఆమె లోపల తిరుగుతున్నది. సంఘపెద్దను అడిగితే ప్రార్థన చేసుకోమన్నాడట. మా అత్తను అడిగితే, "ఇంకా గాడెందుకుంటడు, ఏ తల్లి కడుపునో మళ్ల పుట్టే ఉంటడు" అంది ధైర్యం చెబుతున్నాననుకుని. ఆ మాటకు మార్తమ్మక్క రెండు రోజులు మనిషి కాలేదు. మరి తన కోసం ఎదురుచూసేదెవరు? జుబేదాబీ ఇంకోటి చెప్పింది. చిన్నపిల్లలు స్వర్గం దర్వాజా దగ్గరే నిలబడి ఉంటారట, అమ్మ రాగానే కొంగు పట్టుకుని లోపలికి తీసుకుపోతారట. అంటే కొంగు అందేంత చిన్నగానే ఉంటారన్నమాట. ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురివీ మూడు మాటలు. వింటున్న నాకే తల తిరిగింది. నా పిల్ల మాటేమిటి? దానికి పేరే లేదు, ఎవరని పిలుస్తాను? ఇది మాత్రం నేను ఎవరినీ అడగలేదు.

ఆ పండగనాడు యూసుఫ్ పరుగెత్తుకుంటూ వచ్చి, "ఖాలా, నా అంగీ ఏది?" అన్నాడు. మార్తమ్మక్కకు అబద్ధం చెప్పడం చేతకాదు. "గది నీది కాదు బేటా, దానీది" అనేసింది. వాడు ఇంటికి పోయి అమ్మకు చెప్పాడు. అది చాలదన్నట్టు నాలుగు రోజులు తిరక్కముందే వాడికి జ్వరం వచ్చింది. ఇక చూడండి లొల్లి! జుబేదాబీ బురఖా కూడా వేసుకోకుండా గల్లీ దాటి వచ్చి వాకిట్లో నిలబడింది. "చనిపోయినోడి బట్టకు నా పిల్లగాని కొలత తీస్కుంటవా? నీకు నా బిడ్డనే దొరికిండా మార్తమ్మా? నీ కొడుక్కు మూడ్రోజులు అన్నం వండిన చేతులివి!" అని ఏడ్చింది. మార్తమ్మక్క లోపలికి పోయి మిషను మీద గుడ్డ కప్పేసింది.

ఆ రోజునుంచి మిషను చప్పుడు లేదు. కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ నాతోనే ఎవరివి వాళ్లకు వాపసు పంపింది. యేసుదాసన్న మా వాకిట్లోకి వచ్చి, "చెల్లే, ఆమె తినుడు బంద్ చేసింది. నీళ్లు కూడ నేను పట్టిస్తే తాగుతుంది. జర నువ్వన్న చెప్పు" అన్నాడు. నేను పోయి అన్నం కలిపి ముద్ద చేసి పెట్టాను, తిట్టాను, బతిమాలాను. ఆమె గోడవైపు చూస్తూ, "కొలత లేకుంటే వాడు ఎంతున్నడో ఇంక నాకెట్ల తెలుస్తది?" అంది. అప్పుడు అనుకున్నాను, ఈమె ఇక లేవదని.

యూసుఫ్‌కు జ్వరం తగ్గింది. ఇంతలో మొహర్రం వచ్చింది. జుబేదాబీ వాళ్లు ఆ పది రోజులూ నల్లబట్టలు కట్టి శోకం పాటించేవాళ్లు. మా గల్లీ చివర పీర్లను నిలబెట్టే ఆషూర్ఖానాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లంతా కూడి, పూర్వం యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల కథ చెప్పుకుని గుండెలు బాదుకుని ఏడ్చేవాళ్లు. ఒకరోజు జుబేదాబీ వచ్చి మార్తమ్మక్క మంచం పక్కన నేలమీద కూర్చుంది. "లే. నాతోని రా" అంది.

"నేను రాను ఆపా. మా సంఘపోళ్లు ఊకోరు."

"మొక్కనీకి పిలుస్తలేను. ఏడ్వనీకి పిలుస్తున్న. గాడ ఎవరి కోసం ఏడుస్తున్నవని ఎవ్వరూ అడగరు."

జుబేదాబీ, నేను చెరో రెక్క పట్టుకుని నడిపించుకుపోయాం. ఆమె అంత బక్కచిక్కిపోయిందని అప్పుడే తెలిసింది నాకు. లోపల ఒక ముసలావిడ కథ చెబుతోంది. దాహమని అడిగిన పిల్లవాడు, నీళ్లు లేని తల్లి. నాకు ఆ ఉర్దూ సగమే అర్థమయ్యింది, ఆ సగమే ఎక్కువయ్యింది. చుట్టూ ఆడవాళ్లు గొల్లుమంటున్నారు. మార్తమ్మక్క మాత్రం వాళ్ల సంఘంలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని ఉంది. ఇదీ దండగే అనుకున్నాను. అప్పుడు వచ్చింది ఆమె కడుపులోంచి ఒక కేక. "దానీ, ఓ నా కొడుకా!" అని నేలమీద పడిపోయింది. మూడేళ్ల ఏడుపు. ఎవరూ తిరిగి చూడలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడ ఆమె తల తీసి తన ఒళ్లో పెట్టుకుని తన ఏడుపు తాను ఏడుస్తోంది. జుబేదాబీ ఆమె కాళ్లు పట్టుకుని, "మాఫ్ చెయ్ బహెన్" అంటోంది. నేనెప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. పేరు లేదుగా నా బిడ్డకు, అందుకని "అమ్మా, నా తల్లీ" అంటూ ఏడ్చాను.

తిరిగి వస్తుంటే దారిలో మార్తమ్మక్క ఆగి, ముక్కు చీది, "రాజమ్మా, నీ బిడ్డ ఎంతుండె?" అంది. ఆ ప్రశ్న అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. మోచేతి నుంచి వేళ్ల దాకా చూపించాను. ఆమె టేపు లేకుండానే తన జానతో నా చెయ్యి కొలిచింది. ఇంటికి వచ్చాక అన్నం పెట్టించుకుని తిన్నది. పచ్చడి అడిగి మరీ తిన్నది.

సంగతి సంఘపెద్దకు తెలియకుండా ఉంటుందా? వచ్చి చీవాట్లు పెట్టాడు. ఆమె నెమ్మదిగా, "అయ్యగారూ, నా నమ్మకం ఏడికి పోలేదు. ఏడ్చినంక ఆకలైంది, గంతే" అంది. పెద్దాయన తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు.

మరుసటి క్రిస్మస్‌కు యూసుఫ్‌ను చెవి పట్టుకుని తీసుకొచ్చింది జుబేదాబీయే. "కొలువు. కాని రెండు కుట్టు. ఒకటి వీడు తొడుక్కొని చింపాలె" అంది. అట్లా ఏటా రెండంగీలు. ఒకటి పెట్టెలో తెల్లగా, ఒకటి యూసుఫ్ ఒంటిమీద మోచేతుల దగ్గర చిరుగుతూ. పిల్లలు అక్కడ పెరుగుతారో లేదో ఆమెకు తేలనే లేదు. అడిగితే, "తెల్వది. తెల్వకుంటనే కుడుతున్న" అని నవ్వేది. యేసుదాసన్నకు బదిలీ అయ్యి వాళ్లు వెళ్లిపోయేదాకా అలాగే కుట్టింది. బండి ఎక్కేటప్పుడు ఆ ఇనప్పెట్టెను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

దర్జీతో, "బట్ట ఎంత వస్తే అంత పెట్టు నాయనా" అని చెప్పి ఇంటికి వచ్చాను. వచ్చి నా పెట్టె అడుగునుంచి ఒక చిన్న గౌను తీశాను. ఆ ఆషూర్ఖానా నుంచి వచ్చిన వారంలోనే మార్తమ్మక్క కుట్టి నా చేతిలో పెట్టిన గౌను అది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంటుంది. కింద అంచుకు రెండు వేళ్ల మడత పెట్టి, పైపైన పెద్ద కుట్లు వేసింది, లాగితే ఊడొచ్చేలా. "నీ బిడ్డ పెరుగుతుందో లేదో నాకు తెల్వది. పెరిగితే విప్పుకో" అంది. నా తర్వాతి పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్లకూ పిల్లలు పుట్టారు. ఈ గౌను ఎవరికీ తొడగలేదు. నిన్న సూది తీసుకుని ఆ దారం కింద పెట్టాను కూడా. మళ్లీ తీసేశాను. విప్పాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.