ఎకో కోసం నన్ను ఎండబోసిన కథ

మా ఆయన వడ్లు పండిస్తడు. ఆయనకు తెల్సిన పరీక్ష ఒక్కటే, వడ్లు కొనే సెంటర్ల తేమ చూసే మిషన్ పరీక్ష. దానికి ఆయన తయారీ చూడాలె. వడ్లు ఎండబోసుడు, బస్తా మూతి కాడ మంచిగ ఎండినవి పోసుడు, మిషన్ పట్టినాయనకు చాయ్ తాపుడు. తేమ ఎక్కువున్నదంటే బస్తా వాపస్ వస్తది. వాపస్ వచ్చిన బస్తా ముంగట ఆయన మొఖం చూడలేం.

గిసొంటి మనిషి చేతికి నా గుండె పరీక్ష దొరికింది.

రొమ్ముల క్యాన్సర్ గడ్డ తీసేసినంక నాకు సూదులు మొదలుపెట్టిన్రు. చంద్రపూర్ల డాక్టరమ్మ నెమ్మదిగ చెప్పింది: "ఈ సూది జబ్బును ఆపుతది. కని కొందరికి గుండెను నీరసం చేస్తది. అందుకే కొన్ని నెలలకోసారి ఎకో తీసి చూస్తం. నడుమల దమ్మొచ్చి ఆయాసమైనా, కాళ్లు ఉబ్బినా, ఎల్లెలుకల పండుకుంటే ఊపిరాడకపోయినా ఆగద్దు, ఎంటనే ఫోన్ చెయ్యాలె. గుండె బలం తగ్గితే సూది కొన్నాళ్లు ఆపుతం."

గన్ని మాటలల్ల మా ఆయన మూటగట్టుకున్నది ఒక్కటే: సూది ఆపుతం.

ఇంటికొచ్చిన తెల్లారి నుంచే నన్ను ఎండబోసుడు షురువయ్యింది. జింగనూర్ నుంచి మా ఆడబిడ్డను పిలిపించిండు. ఆమె వచ్చి మంచం పక్కన కుర్సీ ఏసుకొని కూసున్నది.

"వదినె, లేవకు. నీ గుండె ఖర్చయితది."

"గిన్నెలున్నయ్ గద."

"మా అన్న తోముతడు."

నిజంగనే తోమిండు. పెండ్లయినప్పటి సంది ఆయన చేత్తోని గిన్నె ముట్టుడు అదే మొదలు. ఈ జబ్బుకు గింత లాభమున్నదని డాక్టరమ్మ కూడా చెప్పలే. ఆయన కడిగిన గిన్నెలను ఆడబిడ్డ మళ్ల కడిగేది, అది వేరే సంగతి.

ఎంత ఎండబోసినా తేమ దాగుతదా? ఎకో దగ్గరపడ్డకొద్ది నా మెట్టెలు వేళ్లకు పట్టేసినయ్. తల కింద మెత్త మీద మెత్త ఏసుకుంటే గని ఊపిరాడలే. ఎనుక దొడ్డి దాకా పోయొస్తే గోడ పట్టుకొని నిలవడుడే.

"ఫోన్ చేద్దామయ్యా" అన్న.

"ఎకో అయినంక చేద్దాం."

"అయినంక ఎందుకు? అప్పుడు ఆమె ముంగటనే ఉంటం గద!"

దానికి జవాబు ఆడబిడ్డ కాడ ఉన్నది: "చీర జర కిందికి కట్టు వదినె. మడిమెలు కనవడయ్."

కసిరిద్దామనుకున్న. అంతల వాకిట్ల ఆయన చెల్లెతోని మెల్లగ అంటుంటే ఇన్న: "సూది ఆగితే అది బతకదే." ఆయన మోసం చేసేది డాక్టరమ్మను కాదు, సావును. గరీబు మోసమది.

చీర కిందికి కట్టుకొనే బయలెల్లిన. చంద్రపూర్ తొవ్వల మా సిరోంచ నుంచి అల్లపల్లి దాకా బస్సుల పోయినోళ్లకు తెల్సు, గుండె పరీక్ష చెయ్యాలంటే మిషన్ అక్కరలేదు, ఆ రోడ్డు చాలు. ఒక్కొక్క గుంతకు మా ఆయన నా భుజం పట్టుకొని "జర పైలం, జర పైలం" అన్నడు, గుంతలు ఆయన మాట ఇంటయన్నట్టు.

దవఖానల డాక్టరమ్మ నన్ను చూసి మరాఠీల అడిగింది, "దమ్ లాగ్తో కా?" దమ్మొస్తుందా అని.

"నాహీ నాహీ!" అన్నడు మా ఆయన. "ఇంట్ల ఉరుకుతది మేడం."

"పండుకుంటే?"

"హాయిగ పంటది."

అన్ని జవాబులు ఆయనే చెప్పిండు. డాక్టరమ్మ చాయ్ తాగే మనిషైతే అది కూడా తెచ్చేటోడే.

ఎకో గదిల ఒక పిల్ల నా ఛాతీకి సల్లని జెల్లు పూసి, కుట్ల పక్కన మిషన్ బిళ్ల ఒత్తింది. తెర మీద నా గుండె కనవడ్డది. ప్రాణహిత ఒడ్డున పడేసిన చాప నోరు తెర్సి మూసినట్టు కొట్టుకుంటున్నది, పాపం. వడ్ల సెంటర్ల బస్తా నడుమకు ఇనుప గొట్టం పొడిచి లోపలి గింజలు తీస్తరు సూడు, గట్లనే ఉన్నది పని. మూతి కాడ ఏం పోసినా దండుగే. ఇగ ఎవరి కోసం దాసుడు?

డాక్టరమ్మ కాడికి వచ్చి చీర కుచ్చిళ్లు పైకి పట్టుకున్న. నా కాళ్లు చూసి ఆమె మా ఆయన దిక్కు చూసింది. ఆయన గోడ దిక్కు చూసిండు.

ఎకోల కూడా గుండె బలం తగ్గిందనే వచ్చింది. డాక్టరమ్మ సూది ఆపింది, గుండె గోలీలు రాసింది, ఉప్పు తగ్గియ్యమన్నది. మా ఆయన అక్కడనే బెంచీ మీద కూలవడ్డడు. "వాపస్ పంపిన్రు" అన్నడు.

ఆయన పక్కన కూసొని అడిగిన: "తేమ ఎక్కువున్నదని వడ్లు ప్రాణహితల పారబోస్తవా?"

"లేదు."

"ఏం చేస్తవ్?"

"మళ్ల ఎండబోస్తం."

"ఎండినంక?"

ఆయన కండ్లు తుడ్సుకొని, "మళ్ల పట్కపోతం" అన్నడు.

గట్లనే అయ్యింది. గోలీలతోని కాళ్ల ఉబ్బు దిగింది, మెట్టెలు వదులైనయ్. తర్వాతి ఎకో చూసి డాక్టరమ్మ సూది మళ్ల మొదలుపెడ్తనన్నది. ముందుగాల ఎప్పటి లెక్కనే అడిగింది, దమ్మొస్తుందా అని.

మా ఆయన కుర్సీ ముంగటికి జరుపుకున్నడు. "మేడం, మొన్న మెట్ల మీద జర ఆగింది. నిన్న రెండు మాట్ల తుమ్మింది. పొద్దుగాల నన్ను తిట్టుకుంట నడుమల ఊపిరి తీసుకున్నది, ఎప్పుడు గట్ల తీసుకోదు..."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "కాకా, జర ఆమెను చెప్పనియ్యి" అన్నది.